నల్లబడిన పార్కింగ్ చీటీలు

మూడేళ్లుగా నేను రాసిన ఉత్తరాలకు ఎవరూ జవాబు ఇవ్వలేదు. కుదరదన్నా ఒప్పుకునేవాణ్ని. "అందింది" అని ఒక్క ముక్క రాసినా ఆ కాగితం దాచుకునేవాణ్ని. మా ఆఫీసు అకౌంట్స్ సెక్షన్‌కు ఆ ఒక్క ముక్క రాయడానికి కూడా చేతులు రాలేదు. క్యాంటీన్ పప్పులో ఉప్పు తక్కువైందని ఎవరో చీటీ రాసి పెడితే మాత్రం మర్నాటికల్లా నోటీసు బోర్డు మీద క్షమాపణ వచ్చింది. అది ఏ వారమో, ఎవరు సంతకం పెట్టారో నాకు ఇప్పటికీ గుర్తే.

నేను అడిగింది పెద్ద కోరిక కాదు. ఒకప్పుడు మా జీతం చీటీలో ప్రయాణ భత్యం అని ఒక వరుస ఉండేది. నెలకు పదహారు వందల వరకు దాని మీద ఆదాయపన్ను పడేది కాదు. బస్సులో వచ్చావా, నడిచి వచ్చావా అని అడిగేవాళ్లు కూడా లేరు. తర్వాత ప్రభుత్వం స్టాండర్డ్ డిడక్షన్ అని జీతగాళ్లందరికీ కలిపి ఒక మినహాయింపు ఇచ్చి, ఈ వరుసను తీసేసింది. మిగతావాళ్లు చేతికొచ్చే జీతం పెరిగిందా తగ్గిందా చూసుకుని ఊరుకున్నారు. నేను వరుస కోసం వెతుక్కున్నాను. అన్నేళ్లు నా పేరు కింద ఉన్న వరుస, నాతో ఒక్క మాట చెప్పకుండా వెళ్లిపోయింది. ఇది నాకు డబ్బు పోయినదానికన్నా ఎక్కువ అనిపించింది.

ప్రతి జనవరిలో అకౌంట్స్ వాళ్లు పన్ను మినహాయింపుల కోసం ప్రూఫులు ఇమ్మంటారు. అందరూ ఇన్సూరెన్స్ రసీదులు, పిల్లల ఫీజుల రసీదులు ఇస్తారు. నేను వాటితో పాటు మెట్రో ఖర్చు, పార్కింగ్ ఖర్చు రాసిన ఒక కాగితం, దాని కింద ఒక ఉత్తరం కలిపి ఇచ్చేవాణ్ని. కొత్త పన్ను పద్ధతిలోకి మారితే నాకే నాలుగు రూపాయలు మిగులుతాయని పక్క సీటాయన లెక్క వేసి మరీ చూపించాడు. కానీ ఆ పద్ధతిలో ప్రూఫులు ఇచ్చే పనే లేదు. ప్రూఫులు లేకపోతే నా ఉత్తరం దేనికి జతపరచాలి? అందుకే పాత పద్ధతిలోనే ఉండిపోయాను. ఫిర్యాదు చేసుకునే హక్కు కోసం ఎక్కువ పన్ను కట్టేవాడు ఈ ఊళ్లో నేనొక్కణ్నే అయ్యుంటాను.

ఇక నా ప్రయాణం గురించి చెప్పాలి. ఇల్లు మధురానగర్‌లో, ఆఫీసు పంజాగుట్టలో. ఇంటి నుంచి మధురానగర్ మెట్రో స్టేషన్‌కు ఐదు నిమిషాల నడక. అక్కడ ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఇంకో స్టేషన్ పోతే ఆఫీసు. అందరూ అట్లాగే పోతారు. నేను మాత్రం స్కూటర్ మీద అమీర్‌పేట దాకా పోయి, కోచింగ్ సెంటర్ల సందులో ఒక ఖాళీ స్థలంలో డబ్బులిచ్చి బండి పెట్టి, అక్కడి నుంచి ఒకే ఒక్క స్టేషన్ మెట్రోలో పోయేవాణ్ని.

దీనికి కారణాలు ఉన్నాయి. మా చర్చి సంఘ పెద్ద ఒకాయన రోజూ నేను బయలుదేరే వేళకే మధురానగర్ స్టేషన్‌లో ఎక్కుతాడు. ఒక క్రిస్మస్ విందు రోజు ఆయన మైకు పట్టుకుని, వంట చేసినవాళ్లకు, వడ్డించినవాళ్లకు, షామియానా కట్టినవాళ్లకు పేరుపేరునా వందనాలు చెప్పాడు. కుర్చీలు వేసింది నేను. రెండు వందల కుర్చీలు. ఆయన కూర్చున్న కుర్చీ కూడా నేను వేసిందే. అప్పటి నుంచి ఆయనతో ఒకే పెట్టెలో నిలబడడం నావల్ల కాలేదు.

అయితే స్కూటర్ మీద నేరుగా ఆఫీసుకే పోవచ్చు కదా అంటారు. పోయేవాణ్ని. సెల్లార్‌లో లిఫ్టు పక్కన నాకో చోటు ఉండేది. కొత్త మేనేజర్ వచ్చాక అక్కడ ఆఫీసు వాళ్లు ఆయనకిచ్చిన కారు పెట్టి, నన్ను జనరేటర్ పక్కకు పొమ్మన్నారు. ఆ రోజే బండి తాళం జేబులో వేసుకుని, ఇక ఈ సెల్లార్‌లో నా చక్రం తిరగదని అనుకున్నాను. అనుకున్నది ఎవరికీ వినపడలేదు గానీ, నేను మాట మీద నిలబడ్డాను.

రెండో ఏడు నా ఉత్తరంతో పార్కింగ్ చీటీలు కూడా కట్ట కట్టి ఇచ్చాను. అవి చేతి మిషన్‌లో నుంచి వచ్చే నున్నటి కాగితం చీటీలు. కట్ట మూడు రోజులకు తిరిగొచ్చింది. మీద ఒక పసుపు కాగితం, "ఖాళీ కాగితాలు జతపరచవద్దు" అని. విప్పి చూస్తే నిజంగానే అన్నీ తెల్లగా ఉన్నాయి. ఏడాది పాటు స్కూటర్ డిక్కీలో ఎండకు అక్షరాలన్నీ ఎగిరిపోయాయి. ఆ పసుపు కాగితాన్ని జవాబు కింద లెక్కవేయాలా అని రెండు రోజులు ఆలోచించాను. సంతకం లేదు కాబట్టి లెక్కవేయలేదు.

మూడో ఏడు ఆ తప్పు జరగనివ్వకూడదని నిశ్చయించుకున్నాను. చీటీలన్నీ నెల వారీగా పన్నెండు తెల్ల కాగితాల మీద వరుసగా అంటించాను. మా ఆవిడ చూసి, పిల్లల ప్రాజెక్టుకు ఒక్కనాడు కూడా గమ్ము పట్టుకోలేదు గానీ అని ఊరుకుంది. అమీర్‌పేటలో జిరాక్స్ షాపులకు, లామినేషన్ మిషన్లకు కరువా? ఏ సందులో చూసినా ఉద్యోగాల కోసం వచ్చిన పిల్లలు సర్టిఫికెట్లకు ప్లాస్టిక్ తొడుగు వేయించుకుంటూనే ఉంటారు. డిగ్రీ కాగితాలు అట్లా భద్రంగా ఉంటే నా చీటీలు ఎందుకు ఉండవు? ఒక షాపుకు పోయి పన్నెండు కాగితాలూ ముందు పెట్టాను.

షాపతను ఒక చీటీ మీద గోరుతో గీసి చూశాడు. గీత నల్లగా పడింది.

"అన్నా, గివి లామినేషన్ చెయ్యొద్దు. వేడికి నల్లగైతయ్."

నేను అడిగింది లామినేషన్, సలహా కాదని చెప్పాను. అంతకుముందు ఒకసారి ఇదే షాపులో నా వెనక వచ్చిన పిల్లకు ముందు జిరాక్స్ తీసిచ్చిన సంగతి నా మనసులో ఉంది. అతను భుజాలెగరేసి జనవరి నెల కాగితాన్ని మిషన్‌లోకి పంపాడు. అటువైపు నుంచి పాతిక నల్లటి పలకలు బయటికి వచ్చాయి. వేడి ఎక్కువ పెట్టావన్నాను. తగ్గించాడు. ఫిబ్రవరి కూడా నల్లగానే వచ్చింది. మార్చికి మిషన్‌దే తప్పన్నాను.

"మిషన్ మంచిగనే ఉన్నది అన్నా. మిగిలినయన్న తీసుకపో."

తీసుకుపోతే బాగుండేది. కానీ నాకు అప్పుడు తట్టిన ఆలోచన ఇది. మూడు నెలలు నల్లగా, తొమ్మిది నెలలు తెల్లగా ఉంటే ఆఫీసువాళ్లకు అనుమానం వస్తుంది. అన్నీ ఒకే తీరుగా ఉంటే మంచిది. మిగతా తొమ్మిది కూడా వేయమన్నాను. అతను ఒక్కొక్కటే వేసి ఇచ్చాడు. డబ్బులు తీసుకునేటప్పుడు మాత్రం రెండు కాగితాల డబ్బు వదిలేశాడు. అది జాలి అని ఇంటికి వచ్చాక అర్థమైంది.

ఆ పన్నెండు నల్ల కాగితాలనూ ఉత్తరంతో సహా ఇచ్చాను. ఆ మర్నాడే, మూడేళ్లలో మొదటిసారి, అకౌంట్స్ సెక్షన్ నుంచి పిలుపు వచ్చింది. అక్కడ ఈ పని చూసేది కాకినాడ వైపు నుంచి వచ్చిన ఒక మేడమ్. నా కాగితాల్లో ఒకదాన్ని కిటికీ వైపు పట్టుకుని చూస్తోంది.

"ఏంటండీ ఇది, ఎక్స్‌రేనా?"

కాదని, జూలై నెల పార్కింగ్ అని చెప్పాను. ఆమె నవ్వలేదు. కుర్చీ చూపించి, నా దారి మొత్తం చెప్పమంది. చర్చి కుర్చీలతో సహా చెప్పాను. మూడేళ్ల తర్వాత ఒక మనిషి వింటుంటే ఆపుకోలేకపోయాను. అంతా విని ఆమె నెమ్మదిగా అంది.

"మధురానగర్‌లో ఎక్కితే మీకు పార్కింగ్ ఖర్చు లేదు. మన సెల్లార్‌లో పెట్టినా లేదు. ఇది ప్రయాణం ఖర్చు కాదండీ, అలక ఖర్చు. అలకకి మినహాయింపు ఏ సెక్షన్‌లోనూ లేదు."

నాకు చెవులు వేడెక్కాయి. నా చీటీల్లాగే నేనూ నల్లబడి ఉంటాను. ఆమె ఎట్లా వస్తుందో అడిగాను, ఎత్తిచూపడానికి ఏదో ఒకటి దొరుకుతుందని. కృష్ణానగర్ నుంచి బస్సులో, ఆడవాళ్లకు టికెట్ లేదు కదా అంది. కూర్చోవడానికి దొరుకుతుందా అన్నాను. ఇంతవరకు దొరకలేదంది. అదీ దొరకలేదు నాకు.

లేవబోతూ చివరి మాటగా మేనేజర్ గారి కారు సంగతి అడిగాను. ఆఫీసు కారు ఆయన్ను ఇంటి నుంచి తీసుకొస్తుంది, సాయంత్రం దింపుతుంది, ఆ ప్రయాణం మీద ఆయనకు పన్ను పడుతుందా అని. పడదు, ఆఫీసు బండిలో ఇంటి నుంచి వచ్చినందుకు పన్ను లేదని ఆమె చెప్పింది. అదే దారి నేను నా డబ్బు పెట్టుకుని వస్తే ఎందుకు మినహాయింపు లేదన్నాను. ఆమె నా నల్ల కాగితాన్ని బల్ల మీద పెట్టింది.

"ఆ మాట న్యాయమేనండీ. కానీ ఇన్ని అలకల కింద పెట్టి అడిగితే ఎవరికి కనిపిస్తుంది?"

ఇంటికి వచ్చి ఆలోచించాను. మర్నాడు స్కూటర్ ఇంట్లోనే ఉంచి మధురానగర్ స్టేషన్‌కు నడిచాను. మెట్ల మీదే సంఘ పెద్ద ఎదురుపడ్డాడు. "వందనాలు బ్రదర్, మెట్రో ఎక్కట్లేదా ఇన్నాళ్లు?" అన్నాడు. నేను ఆయన మీద కోపంగా ఉన్నట్టు ఆయనకు తెలియనే తెలియదు. అదొక కొత్త అవమానం. దాన్ని కూడా మింగి వందనాలు చెప్పాను. అప్పటి నుంచి రోజూ చెబుతున్నాను. ఆయన మోకాళ్ల నొప్పుల గురించి ఇప్పుడు నాకు తెలియనిది లేదు.

ఇదంతా ఆయన మీద ప్రేమతో కాదు, నా ప్రశ్నను కడిగి శుభ్రం చేయడానికి. ఇప్పుడు నా ఖర్చులో పార్కింగ్ లేదు, స్కూటర్ లేదు, అలక లేదు. మెట్రో కార్డు ఒక్కటే ఉంది. ఈ ఏడు ఒక్క కాగితమే ఇచ్చాను, లామినేషన్ లేకుండా. నెలలు గడుస్తున్నాయి. ఆఫీసు కారులో వచ్చేవాడికి పన్ను లేనప్పుడు, మెట్రోలో నిలబడి వచ్చేవాడికి ఎందుకు ఉంది? అకౌంట్స్ సెక్షన్ వల్ల కాకపోతే పైన ఉన్నవాళ్లు చెప్పండి. లేదన్నా సరే, రాసి, కింద సంతకం పెట్టి ఇవ్వండి.