మడమ దగ్గర ఆగిన మేజోడు

నా చిన్నప్పుడు ఎమ్మిగనూరులోని మా వీధిలో మేజోళ్లు వేసుకునే పిల్లలు ఒక్కరూ లేరు. అందువల్ల, తెల్లని మేజోళ్లు లేనిదే పిల్లను చేర్చుకునేది లేదని ఆదోని హాస్టలు వారు చెప్పినప్పుడు మా తాతయ్యకు దిక్కు తోచలేదు. అప్పటికి నాకు పదేళ్లు. అమ్మ పోయిన తర్వాత ఆయన మగ్గం గుంట పక్కనే పెరిగాను. తాతయ్య మంచివాడే. కానీ మగ్గం ఆడుతున్నంతసేపు ఆయనకు నా మాట వినిపించేది కాదు; మగ్గం ఆగేసరికి ఆయనకు మాట్లాడే ఓపిక మిగిలేది కాదు.

నాతో తీరికగా మాట్లాడేది పక్కింటి అక్క మాత్రమే. ఆమె భర్త షోలాపూరు మిల్లుల్లో పనికి వెళ్లి, క్రమంగా రావడమే మానేశాడు. ఆమె వద్ద మూరెడు పొడవున్న కొక్కెం సూది ఒకటి ఉండేది. వరుసలోని కుట్లన్నిటినీ ముందుగా సూది మీదికి ఎక్కించుకుని, తిరుగు దారిలో ఒక్కొక్కటిగా దించే అల్లిక అది. దానితో స్టూలు గుడ్డలు, మెడ పట్టీలు అల్లేది. మేజోళ్లు ఎన్నడూ అల్లలేదు. అయినా ప్రయత్నించి చూస్తానని తానే ముందుకు వచ్చింది.

నా పాదం చుట్టూ, చీలమండ చుట్టూ టేపుతో కొలిచింది. ఏడున్నర అంగుళాలు, ఏడు అంగుళాలు. తాతయ్య దగ్గర మిగిలిన పడుగు నూలు తీసుకుంది. పడుగుకు గంజి పట్టించి ఉంటుందన్న సంగతి, నేతవారి ఇంట పుట్టి కూడా, ఆ తొందరలో ఆమెకు గుర్తుకు రాలేదు. పూర్తయిన మేజోడును తాతయ్య చేతిలోకి తీసుకుని, నేల మీద నిలబెట్టి చూశాడు.

"ఏమమ్మా, మేజోడు అల్లినావా, ఆకుల డొప్ప కుట్టినావా? సూడు, మనిషి లేకున్నా నిలబడుకోనుండాది!"

అక్క నవ్వి, వేడినీళ్లలో నానబెట్టి గంజి వదలగొట్టింది. ఆరిన తర్వాత మెత్తబడింది. తొడగబోతే వేళ్లు దూరాయి, పాదం దూరింది, మడమ దగ్గర ఆగిపోయింది. ఆ అల్లిక బట్టలా బిగువైనది, సాగదు. ఎంత లాగినా కదలలేదు. నేను తల వంచుకున్నాను కానీ, నా సంతోషం అక్కకు కనిపించనే కనిపించింది.

"ఏమే, ఎక్కకపోతే నీకంత కుశాలా? మొగం ఎలిగిపోతాండాది!"

"మేజోళ్లు లేకుంటే ఆడ సేర్చుకోరంట గదక్కా."

"సేర్చుకోకుంటే?"

"ఈడే, నీ కాడే ఉంటా."

ఆమె మేజోడును ఒళ్లో పెట్టుకుని, మడమ దగ్గరి కుట్లను వేళ్లతో తడిమింది. ఇది కుదరని పని అని ఆమె ఆ రోజు చెప్పి ఉంటే తాతయ్య నమ్మేవాడు. నాకు మరో ఏడు మా ఊరి బడిలోనే గడిచేది, ఆమెకు నా తోడుతో సాయంత్రాలు గడిచేవి. కొలతలు లెక్కవేయడం అప్పటికి రాకపోయినా, ఆ సంగతి నాకు తెలుసు. ఆమెకూ తెలుసు.

తర్వాత ఆమె కుట్లు విప్పి, దారమంతా ఉండగా చుట్టింది. నా పాదాన్ని తన మోకాలి మీద పెట్టుకుని, ఈసారి టేపును పాదం పైభాగం నుంచి మడమ కిందుగా వాలుగా చుట్టింది. పది అంగుళాలు.

"ఉండే చోటు కొలిసినా గాని, దాటే చోటు కొలవలేదు పాపా," అంది. మళ్లీ సూది అందుకుని, నా వైపు చూడకుండా, "నువ్వు పోకుంటే నాకూ బాగుంటాది. అట్లని మేజోడు బిగిచ్చి నిన్ను ఆపుకుంటానా?" అంది.

నేను ఏడ్చాను. ఆమె అల్లుతూనే ఉంది. పది మీద అర అంగుళం వదులు కలిపి, చీలమండ దగ్గర జారకుండా నాడా పెట్టింది. సోమవారం ఉదయం ఆదోని బస్సులో కూర్చున్నప్పుడు ఆ మేజోళ్లు రెండూ నా కాళ్లకు ఉన్నాయి. ఎక్కడా ఒరుసుకోలేదు. బస్సు కదిలాక ఆమె చెయ్యి ఊపలేదు. తాతయ్య పక్కన నిలబడి నా కాళ్లున్న వైపే చూసింది.

ఆ తర్వాత నా చదువూ, ఉద్యోగమూ అంకెలతోనే సాగాయి. కొలవలేని దాన్ని నేను సులభంగా నమ్మను. ఆ అల్లికను ట్యునీషియన్ క్రోషే అంటారని ఈ మధ్యనే ఫోనులో చూసి తెలుసుకున్నాను. ఆదోనిలో ఒంటరిగా ఉంటున్న ఈ ఇంట్లో, పొడవాటి సూది తెప్పించుకుని మేజోళ్ల మీద ప్రయోగాలు చేస్తున్నాను. చాలావరకు విప్పేయవలసి వస్తోంది.

మేడ మీద గదిలో అద్దెకుండే నర్సు అమ్మాయికి బదిలీ అయింది. రోజూ డ్యూటీ నుంచి వచ్చి, నా దగ్గర కాసేపు కూర్చుని కాని పైకి వెళ్లదు. ఇంకో నెల ఆగరాదా అనే మాట నా నోటిదాకా వచ్చింది. అనలేదు. నిన్న ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, మేజోళ్ల కోసం మడమ కిందుగా వాలుగా టేపు చుట్టాను. పన్నెండున్నర అంగుళాలు. దానికి అర అంగుళం వదులు కలిపి మొదటి వరుస ఎక్కించాను.