మూల మంచం దగ్గర పాఠం

నర్సింగ్ విద్యార్థినులు ఆమెకు పెట్టిన పేరు రుజువులమ్మ. మోకాళ్లు మొరాయించాక వార్డు వదిలి పాఠాలు చెప్పడానికి వచ్చింది. ఎవరేం చెప్పినా "ఎలా తెలుసు?" అనేది. "టీ వేడిగా ఉందన్నా మా అక్క థర్మామీటర్ తెమ్మంటుంది" అని ఇంట్లో చెల్లెలు నవ్వేది.

ఆ ఏడాది అమ్మాయిలు వార్డులో మూల మంచం దగ్గర ఏదో ఉందని, అక్కడికి వెళ్లబోమని మొండికేశారు. అక్కడ పడుకున్న ముసలివాళ్లు సాయంత్రానికల్లా గోడతో మాట్లాడతారు. ఎవరో పిలుస్తున్నారంటూ లేవబోతారు.

"నమ్మమనీ అనను, నమ్మొద్దనీ అనను. కనుక్కుందాం," అందామె.

పాఠం అక్కడే మొదలైంది. కొందరు పరిశోధనలు వెతికి, వాటిలో ఏది నమ్మదగ్గదో వాదించుకున్నారు. వెలుతురు, గడియారం, పలకరింపు లేనిచోట, కళ్లజోడు కూడా తీసేస్తే, ముసలివాళ్లకు మతి తప్పుతుందని తేలింది. మిగతావాళ్లు మంచం ఖాళీ అయినప్పుడు రోగుల్లా ఒక్కొక్కరే పడుకుని చూశారు. స్తంభం చాటు కావడంతో కిటికీ కనబడలేదు. లేచొచ్చిన ప్రతి అమ్మాయీ ఒకటే మాట చెప్పింది.

"నాతోపాటు ఎవరో ఊపిరి తీస్తున్నారు టీచర్."

వెతికితే గోడ వెనక గదిలో, ఊపిరి తీస్తున్నట్టే చప్పుడు చేసే గాలి పంపు కనబడింది. అందరూ అమ్మయ్య అనుకున్నారు. మంచాన్ని కిటికీ కనబడేలా జరిపారు. గడియారం తగిలించారు. రోగుల్ని పూటపూటా వరస పెట్టి పలకరించారు. గోడతో మాట్లాడేవాళ్లు తగ్గారు. పూర్తిగా పోలేదు గానీ, తగ్గారు.

పంపును మరమ్మతుకు విప్పిన మధ్యాహ్నం ఆమె తనే వెళ్లి ఆ మంచం మీద పడుకుంది. ఊపిరి తీసింది. చెవి పక్కన ఇంకో ఊపిరి కదిలింది. ఆమె బిగబట్టింది. అది ఆగలేదు.

మర్నాడు క్లాసులో ఉన్నదున్నట్టు చెప్పింది.

"అయితే నిజమేనా టీచర్?" ముందు బెంచీ అమ్మాయి అడిగింది.

"ఒక్కసారి, ఒక్కదాన్నే విన్నాను తల్లీ. దాన్ని రుజువనరు. అలాగని లేదనడానికీ నా దగ్గర ఏమీ లేదు."

ఆమె ఉద్యోగం విరమించాక, ఆ ముందు బెంచీ అమ్మాయే, ఇప్పుడు అక్కడ నర్సు, వార్డు నుంచి ఫోన్ చేసింది. "మూల మంచం తాతగారు మీకు తెలియరు కదా టీచర్. అయినా, 'మీ టీచరమ్మ మళ్లీ రాలేదేం?' అని తన పక్కన ఎవరో అడుగుతున్నారని చెబుతున్నారు."

"ముందు జ్వరం చూడు. మూత్రం సరిగా వస్తోందా చూడు. ఒంట్లో ఇన్‌ఫెక్షనున్నా ముసలివాళ్లకు మతి తప్పుతుంది."

జ్వరం ఉంది. మందులిచ్చారు. తాతగారు కోలుకుని నడుచుకుంటూ ఇంటికెళ్లారు.

ఆ రోజు ఫోన్ పెట్టేశాక మాత్రం ఆమె వంటగదిలో ఉన్న చెల్లెల్ని పిలిచింది. "పనేం మునిగిపోదు గానీ, కాసేపు నా పక్కన కూర్చోవే."