తాగబాకమ్మా అన్న మాట నాటకంలో లేదు

మా ఎదురింటి తమ్ముడు పోయాడని మా కోడలు వచ్చి చెప్పేసరికి నేను పొయ్యి ముందు నిలబడి పాలు కాస్తున్నాను. పొద్దున్నే వాకిట్లో వల ముందేసుకుని కూర్చున్న మనిషి అట్లాగే పక్కకు ఒరిగిపోయాడట. విన్నాను. పాలు పొంగకుండా మంట తగ్గించాను. తగ్గించానో లేదోనని అనుమానం వచ్చి ఇంకోసారి తిప్పాను. పొయ్యి ఆరిపోయింది. ఏడుపు మాత్రం రాలేదు. ఇది రాసే ఈ రోజు వరకూ రాలేదు. దానికి కూడా భయంగానే ఉంది, ఒంట్లో ఏమన్నా తేడా చేసిందేమోనని.

అతను నాకు తోడబుట్టిన తమ్ముడు కాదు. వీధికి అటు వాళ్ల ఇల్లు, ఇటు మాది. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచీ అక్కా అని పిలిచాడు. మాది పులికాట్ సరస్సు ఒడ్డున ఊరు. రొయ్యలు పట్టి సూళ్లూరుపేటకు పంపి బతికే ఇళ్లు. అతనిదీ అదే పని. కానీ ఎవరన్నా అతని పేరెత్తితే నాటకాల గురించే చెబుతారు. ఏ నాటకమైనా తండ్రి వేషం అతనిదే. ఆ గొంతు అట్లాంటిది. నేను ఐదో తరగతితో ఆగిన దాన్ని. అతని కూతురు వచ్చి, "అత్తా, నాయన గురించి నువ్వే రాయాల, నీకు తెలిసినట్టు ఎవరికీ తెలీదు" అంటే రాస్తున్నాను. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

నాకు భయాలెక్కువ. గాలి తిరిగితే భయం. పడవలు రావడం ఆలస్యమైతే భయం. సరస్సు అవతల రాకెట్టు వదిలినప్పుడు గూట్లో గిన్నెలు కదిలితే భయం. వీధిలో అందరూ నవ్వేవాళ్లు. అతనూ నవ్వేవాడు గానీ, సరస్సు నుంచి వచ్చేటప్పుడు మాత్రం ముందు మా గడప దగ్గర ఆగి, చేతిలో పడవ తెడ్డుతో మెట్టు మీద కొట్టేవాడు.

"వచ్చినానక్కా. ఇంక నా దిగులు తీసి పక్కన బెట్టు."

వానలో తడిసి వచ్చినా, ఒళ్లు కాలిపోతున్నా, ఆ మాట చెప్పకుండా తన గడప తొక్కేవాడు కాదు. ఒక్కోసారి ఎగతాళి చేసేవాడు. "ఈ పొద్దుకి ఎన్ని భయాలక్కా? బరువైతే ఒకటి నాకియ్యి, మోస్తా" అనేవాడు.

కూతురు పసిదిగా ఉండగానే అతని భార్య పోయింది. మొగుడు లేని చెల్లెలు తన కొడుకును వెంటబెట్టుకుని వచ్చి అన్న ఇంట్లోనే ఉండిపోయింది. తన కొడుకునూ, తల్లి లేని ఆ పిల్లనూ ఒకే పళ్లెంలో కలిపి, చెరొక ముద్ద పెట్టి పెంచింది. నేను మా అరుగు మీద నుంచి చూసేదాన్ని. కొడుక్కు ముద్ద ఎప్పుడూ చిన్నదే. పిల్లలు పెద్దయ్యాక ఆమె అన్నను ఒకటే అడిగింది, ఈ పిల్ల నాకే అని. మేనరికం, పైగా పెంచిన చెయ్యి. అతను కాదంటాడా? మాటిచ్చాడు. కూతుర్ని అడగలేదు.

కూతురు ఒప్పుకోలేదు. "ఒకే పళ్లెంలో తిన్నోడు నాకు అన్న మాదిరుండాడు, మొగుడెట్టా అవుతాడు నాయనా?" అంది. అతను, "నా నోట్లోంచి మాట వచ్చేసిందమ్మా" అన్నాడు. అంతే. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. ఆ పిల్ల సరిగ్గా అన్నం తినేది కాదు. చిక్కిపోయింది. ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప ఇంకో చప్పుడు వినపడేది కాదు మాకు.

అప్పుడే మా ఊరి నాటకాన్ని వీడియో తీయించాలని మగవాళ్లు అనుకున్నారు. వేషాలు కట్టేవాళ్లు ముసలివాళ్లవుతున్నారు, పోయేలోగా ఒకటన్నా మిగలాలని. పెళ్లిళ్లకు వీడియో తీసే అబ్బాయి సూళ్లూరుపేట నుంచి వచ్చాడు. వెలుగుంటేనే బొమ్మ బాగా పడుతుందన్నాడు కాబట్టి మిట్టమధ్యాహ్నం ఆడారు. తుఫాను షెల్టరు వరండానే స్టేజీ. ముఖాలకు పూసిన రంగు చెమటకు కారిపోతోంది. జనం లేకపోతే నాటకంలా ఉండదని ఆడవాళ్లనందరినీ చాపలేసి ముందు కూర్చోబెట్టారు.

నాటకం కథ ఏమిటంటే, ఒక తండ్రి ఇచ్చిన మాట కోసం కూతుర్ని ఇష్టం లేనివాడికి కట్టబెట్టబోతాడు. పెళ్లి పొద్దున ఆ పిల్ల విషం తాగుతుంది. తండ్రి శవం మీద పడి పద్యాలు పాడతాడు. కూతురు వేషం కట్టే ఆమె వెంకటాచలం నుంచి రావాలి. జ్వరమొచ్చి రాలేదు. వీడియో అబ్బాయి మళ్లీ రానన్నాడు. చిన్నప్పటి నుంచీ తెర వెనక నిలబడి తండ్రికి మాటలు అందించిన పిల్లకు నాటకమంతా నోటికి వచ్చు. ఎవరో "అమ్మాయిని కట్టమనండయ్యా వేషం" అన్నారు. తండ్రి మీసం అతికించుకుంటున్నాడు. ఆ పిల్ల లేచి వెళ్లి పూలు పెట్టుకుంది.

చాపల మీద మేమందరం కూర్చున్నాం. ఇంట్లో మాట్లాడుకోని ఇద్దరూ స్టేజీ మీద మాట్లాడుకుంటున్నారు. "నాయనా, నన్నొక్కసారన్నా అడిగినావా?" అంది ఆ పిల్ల. అది నాటకంలో ఉన్న మాటే. దానికి తండ్రి "ఆడపిల్లను అడిగేదేంది?" అని గర్జించాలి. అతని నోరు తెరుచుకుంది గానీ మాట రాలేదు. మర్చిపోయాడని వెనక నుంచి అందించారు. అప్పటికీ రాలేదు. ఆ పిల్లే ఆట ఆగకుండా సీసా తీసి మూత తిప్పింది.

నాకు ఆ సీసా కనిపించింది. దాని మీద ఎర్ర గుర్తుంది. వరికి కొట్టే మందు సీసా. ఎవరో వరి పండే ఊళ్లో ఉన్న చుట్టాల పొలం నుంచి తెచ్చి, అందులో రంగు నీళ్లు పోశారు. నాకు నాటకం లేదు, వీడియో లేదు. లేచి నిలబడి అరిచాను.

"ఒరే, ఆ సీసా కడిగినారా?"

ఆడవాళ్లు గొల్లున నవ్వారు. పక్కనున్న ఆమె, "కూర్చోవే తల్లీ, నువ్వూ నీ భయాలూ, వీడియోలో పడతావు" అని నా చెయ్యి పట్టి లాగింది. అతను మాత్రం నవ్వలేదు. నా వంక ఒకసారి చూశాడు. గబగబా నాలుగంగల్లో పోయి కూతురి చేతిలో సీసా లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"తాగబాకమ్మా" అన్నాడు. "తాగబాక."

ఆ మాట నాటకంలో లేదు. నవ్వులు ఆగిపోయాయి.

"నేనే కడిగినా నాయనా" అంది ఆ పిల్ల. "సబ్బేసి కడిగినా. ఏం గాదు."

అతను వినలేదు. ఆ నీళ్లు వరండా కిందికి, ఇసకలోకి ఒంపేశాడు. పెళ్లిళ్లలో దేనికీ ఆపని అబ్బాయి కదా, దీనికీ ఆపకుండా తీస్తూనే ఉన్నాడు. చివరికి మా ఇంటి నుంచి స్టీలు గ్లాసులో మజ్జిగ తెస్తే, ఆ పిల్ల అది తాగి చచ్చిపోయింది. మజ్జిగని తెలిసి కూడా ఏడవని ఆడది లేదు ఆ పొద్దు.

అయిపోయాక నేను చాపలు చుడుతున్నాను. అతను మెట్ల మీద కూర్చుని మీసం ఊడదీస్తున్నాడు. కూతురు పూలు తీస్తోంది. అతను తలెత్తకుండానే అడిగాడు.

"ఇష్టం లేదా అమ్మా?"

"లేదు నాయనా."

"సరే."

ఆ సాయంత్రమే చెల్లెలికి చెప్పేశాడు. ఆమె గొంతు వీధంతా వినపడింది. "ఏసం కట్టి బుద్ధి పోగొట్టుకున్నావా అన్నా? ఆ పిల్లకి ముద్దలు పెట్టిన చెయ్యి ఇది. నీ మాటకి నీళ్లొదిలినావు గదా!" అతను గోడకానుకుని నిలబడి అంతా విన్నాడు. తెల్లారే ఆమె కొడుకును తీసుకుని బిట్రగుంటకు వెళ్లిపోయింది. అతను బతికుండగా మళ్లీ రాలేదు. ఆ పిల్ల నర్సు చదివింది, తనకు నచ్చినవాణ్ణి చేసుకుంది. ఆ పెళ్లికీ మేనత్త రాలేదు. ఆమె కొడుక్కూ వేరే పెళ్లయింది. ఇతనికి పిలుపు రాలేదు.

ఏటా మొదట ఎండిన రొయ్యలు ఏరి, పెద్దవి వేరు చేసి, చెల్లెలికని సంచి కట్టి తెలిసినవాళ్ల చేతికిచ్చి పంపేవాడు. బదులొచ్చేది కాదు. "ఎందుకు తమ్ముడా, మనసు కష్టపెట్టుకునేదానికా?" అని నేనంటే, "తిరగ్గొట్టలేదు గదక్కా. తీసుకుంటా ఉంది. అది చాల్లే" అనేవాడు. మొన్నటి సంచి ఇంకా వాళ్ల వసారాలో వేలాడుతోంది. ఎలుకలు కొడతాయేమోనని రోజూ వెళ్లి చూసి వస్తున్నాను.

చెల్లెలు వచ్చింది, అతన్ని పాడె మీదికి ఎత్తే ముందు. అన్న కాళ్ల దగ్గర నిలబడింది. ఏడవలేదు. నాలాగే. కోడలు కాని ఆ కోడలు పిల్ల "అత్తా" అని పట్టుకోబోతే, వద్దనీ అనలేదు, రమ్మనీ అనలేదు.

అందరూ వెళ్లాక మధ్యాహ్నం ముగ్గురమే వసారాలో కూర్చున్నాం. కూతురు తన ఫోన్లో ఆ వీడియో పెట్టి మేనత్త చేతికిచ్చింది. ఆమె ఇన్నేళ్లూ దాన్ని చూడలేదు. నా అరుపు వినపడింది. ఆడవాళ్ల నవ్వులు వినపడ్డాయి. తాగబాకమ్మా అన్న గొంతు వినపడింది. నాటకంలో గొంతు కాదది. సన్నగా వణికింది.

ఆమె బొమ్మను అక్కడే ఆపమంది.

"ఆ అరిచింది నువ్వేనా అక్కా?" అని నన్నడిగింది.

"నేనేనమ్మా" అన్నాను.

"ఇంత భయపడినాడా మా అన్న" అంది. "నాకు చెప్పనేలేదే."

ఎండ వసారాలోకి పాకింది. వీధిలో ఎవరో తెడ్డు ఈడ్చుకుంటూ పోతుంటే నా చెవి మెట్టు వైపు తిరిగింది. ఆ చప్పుడు ఆగకుండా వెళ్లిపోయింది. ఫోన్లో అతను చెమటకు సగం ఊడిన మీసంతో, సీసా ముక్కు దగ్గర పెట్టుకుని నిలబడి ఉన్నాడు. కాసేపటికొకసారి ఆ తెర నల్లబడబోతుంది. నల్లబడేలోగా ఆమె వేలితో ఒకసారి తాకుతుంది. మళ్లీ వెలుగుతుంది.