మా బావ రోజూ నొక్కే బటన్

మా అక్క ఫోన్‌లో ఏడవగా నేను వినడం అదే మొదటిసారి. "ఎల్లుండి నాలుగింటికి నా క్లాసు మొదలైతదే. ఈ కంప్యూటర్ సూస్తే నత్త లెక్క పాకుతున్నది. మొదటి రోజే అందరి ముందల ఆగిపోతే ఇగ నా దగ్గరికి ఎవరొస్తరే?" అంది.

అక్క మిర్యాలగూడలో రైస్ మిల్లు ఇంటి కోడలు. సూర్యాపేటలో మేం పెరిగిన వీధిలో ఇప్పటికీ ఆమె కుట్టిన జాకెట్ల గురించి చెప్పుకుంటారు. పెళ్లయిన ఇరవై ఏళ్లకు, జాకెట్ కటింగ్ ఆన్‌లైన్‌లో నేర్పుతానని ధైర్యం చేస్తే పదకొండు మంది చేరారు. ఇంట్లో మాత్రం ఎవరికీ నమ్మకం లేదు. ఈ ఒక్క క్లాసు చెడితే ఆమె మళ్లీ నోరెత్తదని నాకు తెలుసు. నేను ఆంధ్రా సరిహద్దున ఉన్న కోదాడలో, ఒక బడిలో కంప్యూటర్ టీచర్ని. మర్నాడు, శనివారం పొద్దున్నే బస్సెక్కాను.

గుమ్మంలోనే మా బావ ఎదురయ్యాడు. "రా మరదలా! కోదాడల ఉండి ఉండి ఆంధ్రా మాట నేర్చినవ్. కంప్యూటర్‌కు గూడ ఆంధ్రా వైద్యమేనా?"

"ముందు మీకు చేయించాలి బావా వైద్యం," అన్నాను. ఇలా పోట్లాడుకోకపోతే మా ఇద్దరికీ తిన్నది అరగదు.

మానిటర్‌కు పసుపు, కుంకుమ, నిండుగా బొట్టు. అలంకారానికేం తక్కువ లేదు, నడకే లేదు. మౌస్ కదిపితే బాణం ఆలోచించుకుని ఆలోచించుకుని కదులుతోంది. వైరస్ అనుకుని వెతికాను, లేదు. అక్కరలేని ప్రోగ్రాములు తీసేశాను, తేడా లేదు. చివరికి లోపల ఏ ప్రోగ్రాం ఎంత మింగుతోందో చూపించే టాస్క్ మేనేజర్ తెరిచాను. దొంగ దొరికాడు. సెర్చ్ ఇండెక్సర్!

మనం ఏదైనా ఫైలు అడిగితే టక్కున చూపించడానికి, కంప్యూటర్ మనకు కనబడకుండా ఫైళ్లన్నీ చదివి జాబితా రాసుకుంటుంది. ఒకసారి రాసుకుంటే చాలు, తర్వాత నిమ్మళంగా ఉంటుంది. ఇదేమో కొని మూడేళ్లయినా ఇంకా రాస్తూనే ఉంది. పూర్తిగా ఆపేయొచ్చు గానీ, అక్క గీసుకున్న కొలతల బొమ్మలన్నీ బావ తీసిన వడ్ల ఫొటోలలో, పెళ్లిళ్ల ఫొటోలలో కలిసిపోయాయి. క్లాసు మధ్యలో పేరు కొట్టి వెతికితే తప్ప దొరకవు.

"దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా?" అని అడిగాను.

బావ ముఖం వెలిగిపోయింది. "ఎవరో ఎందుకు ముడతరు? నేనే రోజు సాఫ్ జేస్తున్న. స్నానం జేసి, ఊదుబత్తి ముట్టించి, బొట్టు పెట్టి, గీ బటన్ నొక్కుత. వీడియోల చూసి నేర్చుకున్న. పాతదంత ఖతం, మల్ల కొత్తగ మొదలు."

చూస్తే అది రీబిల్డ్ బటన్. రాసుకున్న జాబితా మొత్తం చెరిపేసి, మొదటి నుంచి రాయిస్తుంది. జాబితా చెడిపోయినప్పుడు, ఎప్పుడో ఒకసారి నొక్కాల్సింది.

"అయ్యో బావా! రోజూనా?"

"మరి? మిల్లుల నిన్నటి గింజ ఉండంగ ఇయ్యాల్టి వడ్లు పోస్తమా? ఒకరి బియ్యంల ఇంకొకరి బియ్యం కలుస్తయి. అంత ఊడ్చినంకనే మోటర్ ఏస్తం."

తల పట్టుకున్నాను. కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. పాపం ఆ కంప్యూటర్ సాయంత్రం దాకా చెమటోడ్చి సగం రాసేది. ఈయన మెయిన్ స్విచ్ ఆపేసేవాడు. తెల్లారి ఆ సగాన్నీ ఊడ్చి పారేసేవాడు, అదీ భక్తిగా!

"రేపు మధ్యాహ్నం దాకా దీన్ని ఆపొద్దు, ముట్టుకోవద్దు," అన్నాను.

"మనిషి లేకుంట మిషన్ నడిస్తే నాకు నిద్ర పడుతదా?"

"పట్టకపోతే దాని పక్కనే మంచం వేసుకోండి."

ఆదివారం పొద్దున ఊదుబత్తితో రానే వచ్చాడు. నేను మౌస్ ఊడబీకి నా చేతిసంచిలో పెట్టుకున్నాను. "గిదేం దౌర్జన్యం మరదలా," అంటూ బొట్టు మాత్రం పెట్టి పోయాడు.

భోజనాల వేళకు ఇండెక్సింగ్ పూర్తయిందని తెరమీద వచ్చింది. మౌస్ మళ్లీ తగిలించి కదిపితే, బాణం చెప్పిన చోటికి చెప్పినట్టు పోతోంది. అక్క రెండు చేతులూ జోడించింది, నాకో కంప్యూటర్‌కో తెలియదు.

నాలుగింటికి పదకొండు ముఖాలూ తెరమీదికి వచ్చాయి. నేనూ బావా బయట అరుగు మీద కూర్చున్నాం. మొదట అక్క గొంతు వణికింది. కాసేపటికి ఆమె నిలదొక్కుకుంది. చంక దగ్గర బట్ట ఎందుకు పట్టేస్తుందో, కత్తెర ఎక్కడ ఆపాలో చెబుతోంది. ఎవరో ఏదో అడిగితే పకపకా నవ్వింది.

బావ చెవి అటే పెట్టి విన్నాడు. "మీ అక్కకు గిన్ని మాటలొస్తయా? ఇరవై ఏండ్ల సంది నాతోని నాలుగు ముక్కలకన్న ఎక్కువ మాట్లాడలే."

వెక్కిరిద్దామనే అన్నాను నేను. "మీరెప్పుడైనా అయిదో ముక్క దాకా ఆగారా బావా?"

మామూలుగా అయితే ఎదురు దెబ్బ వెంటనే పడేది. ఈసారి ఆయన తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు. నేనా మాట అనకుండా ఉండాల్సిందేమోనని బాధేసింది.

అంతలో మిల్లు నుంచి ఫోన్ వచ్చింది. గోదాం తాళాలు కావాలట. అవి ఎక్కడున్నాయో అక్కకే తెలుసు. బావ అలవాటుగా లేచాడు, తలుపు దాకా వెళ్లాడు, పిలవడానికి నోరు తెరిచాడు. లోపల అక్క ఇంకా చెబుతూనే ఉంది. వెనక్కి వచ్చి మళ్లీ అరుగు మీద కూర్చున్నాడు.

"గంట ఆగుండ్రి," అన్నాడు ఫోన్‌లో, మెల్లగా. "మా ఆమె పనిల ఉన్నది."