కర్నూలు ఎగ్జిబిషన్‌కు గులాబీ టిక్కెట్టు కొనాలా?

కర్నూలు ఎగ్జిబిషన్‌కు పోయి వచ్చిన దగ్గర నుంచి ఆలూరు బజారులో కనబడిన ప్రతివాడూ నన్ను ఒకటే అడుగుతున్నాడు. గులాబీ టిక్కెట్టు కొనవచ్చా, మామూలుగా పోతే సరిపోతుందా అని. అడిగిన అందరికీ నిలబడి చెప్పేంత ఓపిక నాకు లేదు. సగం చెప్పి సగం దాచడమూ చేతకాదు. అందుకని మొత్తం ఇక్కడే రాసి పెడుతున్నాను. చదివి మీరే తేల్చుకోండి.

వేరుశనగ కాయ అమ్ముడైపోయి, పత్తి చివరి ఏరుడు కూడా ముగిసి, చేతికి పని లేని మాఘమాసం అది. ఒక సాయంత్రం తప్పెట కొట్టుకుంటూ మా ఊళ్ళోకి ఒక బండి వచ్చింది. దానికి రెండువైపులా రంగుల బొమ్మలు. కర్నూలు రాజధాని అయింది కదా, అక్కడ సర్కసు, మోటారుసైకిలు తిరిగే బావి, అద్దాల మేడ, తాటిచెట్టును మించిన రంగులరాట్నం అన్నీ ఒకేచోట పెట్టారట. బండివాడు పంచిన కాగితం ఇంటికి తెచ్చి వసారాలో కూర్చుని గట్టిగా చదివాను. గులాబీ టిక్కెట్టు మనిషికి పన్నెండు రూపాయలు. డోన్ నుంచి రైల్లో మెత్తటి సీటు, కర్నూలు స్టేషను నుంచి జట్కా, బొబ్బట్లంటారే, ఆ ఓళిగలతో భోజనం, నడుం వాల్చడానికి డేరా, సర్కసులో ముందు వరుస కుర్చీ, ఏ ఆటకైనా వరుసలో నిలబడకుండా నేరుగా లోపలికి. ‘స్త్రీలకు ప్రత్యేక మర్యాద’ అని లావు అక్షరాలతో అచ్చువేశారు. మామూలుగా పోతే ఇద్దరికీ కలిపి రానుపోను ఛార్జీలు, తిండి, ఆటలు అన్నీ ఎనిమిది రూపాయలు దాటవు.

మాది పద్దెనిమిది మంది ఉండే ఇల్లు. నా భార్య నాగవేణి ఆ ఇంటికి వచ్చి ఆరేళ్ళయింది. మా ఇళ్ళలో కోడలు పెద్దల ఎదుట మొగుడి పక్కన కూర్చోదు. మగవాళ్ళ పంక్తి లేచాకే ఆడవాళ్ళ భోజనాలు. జాతరకు పోతే ఆడవాళ్ళ బండి వేరు. ఎవరో పెట్టిన శిక్ష కాదది, మాకు అలవాటు, అంతే. ఆరేళ్ళలో మేమిద్దరం పక్కపక్కన కూర్చున్నది పెళ్ళిపీటల మీద మాత్రమే అన్న సంగతి కూడా ఈ ప్రయాణం దాకా నాకు తట్టలేదు.

నేను కాగితం చదువుతుంటే నాగవేణి గడపకు అవతల నిలబడి వింది. అంతా విని ఒక్కమాట అడిగింది.

“ఆ రాట్నం తొట్లో ఒకరు కూచునేదా, ఇద్దరు కూచునేదా?”

“ఇద్దరు. బొమ్మలో ఉండారు కదా. ఏం, భయమా?”

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. భయపడిందనే అనుకున్నాను. మా అమ్మ మాత్రం వెంటనే తేల్చేసింది. “ఆడమనిషిని గుంపులో నిలబెడతావా? మనమేం గతిలేనోళ్ళమా? ఆ పెద్ద టిక్కెట్టే తీసుకోప్పా.” నాకూ కావలసింది ఆ మాటే. గులాబీ టిక్కెట్టు మీద పోయిన ఆలూరువాళ్ళలో మొదటివాణ్ణి నేనే కావాలని లోపల ఒక ఉబలాటం. లేదని బుకాయించను.

తెల్లవారుజామున ఐదింటి బస్సుకు బయలుదేరాం. ఆడవాళ్ళంతా డ్రైవరు వెనక రెండు వరుసల్లో, మగవాళ్ళం వెనక. పత్తికొండలో బస్సు పావుగంట ఆగుతుంది. హోటల్లో బొరుగుల ఉగ్గాని, బజ్జీలు బాగుంటాయి, తప్పకుండా తినండి. ఆడవాళ్ళు హోటల్లో కూర్చోరు కనుక నాగవేణికి విస్తరాకులో కట్టించి కిటికీలోంచి అందించాను. ఎనిమిదిన్నరకు డోన్ చేరాం. స్టేషను బయట చిన్న డేరా వేసుకుని కూర్చున్న గుమాస్తా మా దుడ్లు తీసుకుని, అంచుకు బంగారు పూత ఉన్న రెండు గులాబీరంగు అట్టలు చేతిలో పెట్టాడు. పెళ్ళిపత్రికలకు కూడా అంత మంచి అట్ట నేను చూడలేదు.

“ఆడవారు ఆ పెట్టెలోకి, మీరు ఈ పెట్టెలోకి” అన్నాడు గుమాస్తా. ఆడవాళ్ళ పెట్టె కిటికీలకు తెల్లటి పరదాలు కట్టి ఉన్నాయి. అదే ప్రత్యేక మర్యాద అన్నమాట. పరదా సర్దుకుంటూ నాగవేణి ఒకసారి నావైపు చూసింది. నేను మీసం దువ్వుకుంటూ నా పెట్టె ఎక్కాను.

పదింటికి రైలు కదిలింది. మెత్తటి సీటు నిజంగానే మెత్తగా ఉంది, ఆ విషయంలో కాగితం అబద్ధం చెప్పలేదు. ఎర్రటి గుట్టలు, జొన్న కోసేసిన కొయ్యకాళ్ళ చేలు, ఎండలో కరిగిపోతున్నట్టు కనిపించే పల్లెలు వెనక్కి పోతున్నాయి. కళ్ళు మూతలు పడుతూ, తెరుచుకుంటూ, నిద్రో మెలకువో తెలియని స్థితిలో ఉన్నాను. ఒకచోట గట్టు మీద నుంచి జింకల మంద లేచింది. ఇరవై దాకా ఉంటాయి. రైలుతో పందెం వేసుకున్నట్టు దూకుతూ వచ్చి, ఉన్నట్టుండి చేలల్లోకి తిరిగి మాయమయ్యాయి. “అదో, చూడు చూడు” అంటూ పక్కకు తిరిగాను. పక్కన ఒక పత్తి వ్యాపారి నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఆ మాట ఎవరికి చెప్పబోయానో నాకు తెలుసు. అక్కడి నుంచి కర్నూలు దాకా ఆ మెత్తటి సీటు నాకు కుదురుగా అనిపించలేదు.

కర్నూలులో దిగేసరికి పన్నెండు. మగవాళ్ళకు జట్కాలు, ఆడవాళ్ళకు పరదా కట్టిన జట్కాలు. మా జట్కాసాయిబు మాటకారి. మైదానం ఎంత దూరమని అడిగితే, “యాడ దూరమప్పా, బీడీ కాలినంత సేపు” అని నవ్వి, తనే అన్నాడు. “నేను నెల నుంచి సూస్తాండా. గులాబీ టిక్కెట్టోళ్ళు తిరిగొచ్చేటప్పుడు నా బండ్లో నిద్రపోతాండారు. మామూలోళ్ళు నడిసిపోతా కూడా నవ్వుకుంటాండారు. ఏంటికో నాకు తెలీదప్పా.” ఈ మనిషికి గులాబీ టిక్కెట్టువాళ్ళంటే కడుపుమంట అనుకున్నాను.

భోజనం డేరాలో ఓళిగలు వేడివేడిగా వేస్తున్నారు. మీద నెయ్యి ధారాళంగా పోశారు. చిత్రాన్నం, గుత్తివంకాయ, గడ్డపెరుగు, దేనికీ వంక పెట్టలేను. నాగవేణికి ఓళిగలంటే ప్రాణం. ఒకటి ఆకులో చుట్టి దాచబోతుంటే వంటాయన చూశాడు.

“ఎవరికప్పా?”

“మా ఇంటామెకు.”

“ఆడోళ్ళ డేరాలో కూడా ఇవే వడ్డిస్తాండారు. మీకన్నా వాళ్ళకే శానా నెయ్యి పోస్తిమి” అన్నాడు. సిగ్గేసి ఆ ఓళిగ నేనే తినేశాను.

ఎండ తగ్గేదాకా మగవాళ్ళ డేరాలో పడుకున్నాను. డేరా గుడ్డలోంచి దిగిన వెలుగు పసుపురంగు నీళ్ళలా మనుషుల మీద ఊగుతోంది. ఎక్కడో బాండు మేళం, సోడా బుడ్ల చప్పుడు, అంతకన్నా దూరంగా ఆయిల్ ఇంజను దడదడ. ఆ మగతలో నాగవేణి ఇప్పుడు ఏం చూస్తోందో, ఎవరితో మాట్లాడుతోందో అనే ఆలోచనే తిరిగి తిరిగి వచ్చింది. ఒకే మైదానంలో ఉండి, మధ్య ఒక గుడ్డ అడ్డం ఉండగా, ఆమె మీద ఇంత బెంగ పుట్టడం నాకే వింతగా తోచింది.

నాలుగున్నరకు లేచి అద్దాల మేడ చూశాను. మోటారుసైకిలు బావి గట్టు పట్టుకుని, గోడ మీద తిరిగేవాణ్ణి చూశాను. ఎక్కడా వరుసలో నిలబడలేదు, అట్ట చూపిస్తే చాలు. ఐదింటికి రంగులరాట్నం దగ్గరికి చేరాను. గులాబీ టిక్కెట్టు ఆడవాళ్ళు ముందు ఎక్కాలి, వాళ్ళు దిగాక మగవాళ్ళు, ఆరింటికి అందరూ సర్కసుకు. అదీ పద్ధతి. ఆడవాళ్ళ బాగోగులు చూసే ఖాసింబీ అనే ఆమె వెతుక్కుంటూ నా దగ్గరికి వచ్చింది.

“ఆలూరాయన నువ్వేనా? మీ ఇంటామె రాట్నం ఎక్కనంటాంది. అందరూ ఎక్కినారు. ఆమె ఒక్కతే కూచోనుండాది.”

ఒంట్లో బాగాలేదేమోనని, రాట్నం పక్కన ఆడవాళ్ళ కోసం కట్టిన పరదా దాకా పరుగున పోయాను. అవతల నాగవేణి బల్ల అంచున కూర్చుని ఉంది.

“ఏమైంది? భయమా?”

“భయం కాదు.”

“మరి?”

తల వంచుకునే చెప్పింది. “ఎవరో తెలీని ఆమె పక్కన కూచోని ఎక్కేదానికి ఇంత దూరం వస్తినా? నువ్వు కాగితం సదివినప్పుడే అడిగితి కదప్పా, ఇద్దరు కూచునేదా అని.”

అప్పుడు అర్థమైంది. ఇరవై నాలుగు రూపాయలు పోసి నేను కొన్నది పరదాయే. ఇంట్లో ఊరికే దొరికేదాన్ని పన్నెండు మైళ్ళూ ఇరవై మైళ్ళూ కాదు, అరవై మైళ్ళు మోసుకొచ్చి బంగారు అంచుతో మళ్ళీ ఆమె ముందు కట్టించాను.

రాట్నం దగ్గరి మనిషిని బతిమాలాను. అతను ససేమిరా అన్నాడు. “గులాబీ టిక్కెట్టుకు ఆడా మగా కలిపి ఎక్కించకూడదప్పా, మా పెద్దాయన ఊరుకోడు. కలిసి ఎక్కాలంటే అదో, మామూలు వరుసలో నిలబడు. మనిషికి రెండణాలు. ఇంజను వేడెక్కుతాది, ఆరున్నరకు ఆపేస్తాం. అందుతుందో లేదో నీ అదృష్టం. ఆ వరుసలో ఉంటే సర్కసు కుర్చీ పోతాది, ముందే చెప్తాండా.”

ఆ వరుస ఒక చిన్న ఊరంత ఉంది. సింహాన్ని దగ్గరగా చూడాలని వారం నుంచి కలలు కన్నవాణ్ణి, మనసు ఒక్క క్షణం పీకింది. ఆ క్షణం తరువాత పరదా ఎత్తి, “రా” అన్నాను.

వరుసలో నిలబడ్డాం. ముందు పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు, వెనక బనగానపల్లె నుంచి వచ్చిన కొత్త జంట. నాగవేణి మొదట అలవాటుగా నా వెనక నిలబడింది. వరుస జరిగేకొద్దీ తోపులాటలో పక్కకు వచ్చింది, వచ్చాక మళ్ళీ వెనక్కి పోలేదు. అరగంటలో ఆరేళ్ళ మాటలు చెప్పుకున్నాం. జింకల సంగతి చెబితే, “నేనూ సూసినా. పరదా సందులోంచి” అంది. ఓళిగ సంగతి చెబితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తన కొంగు ముడి విప్పి, నా కోసం దాచిన ఓళిగ చూపించింది.

సర్కసు డేరాలో డోళ్ళు మోగాయి. పొద్దు గూకింది. రాట్నం చుట్టూ దీపాలు ఒక్కసారిగా వెలిగాయి, జనమంతా ఓ అని అరిచారు. ఆరున్నర అవుతుండగా రాట్నం మనిషి, “ఇదే ఆఖరు” అన్నాడు. తొట్లు ఒక్కొక్కటే నిండుతున్నాయి. నేను వేళ్ళు మడిచి లెక్క చూసుకుంటున్నాను. ఒక్క తొట్టి మిగిలింది. మా ముందున్న ముసలాయన పైకి చూసి, “నా వల్ల కాదు నాయనా, మీరు పోండి” అని పక్కకు తప్పుకున్నాడు. ఆయన ఎవరో గాని చల్లగా ఉండాలి.

తొట్టి పైకి లేచింది. నాగవేణి ఆ అంచున, నేను ఈ అంచున, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత జాగా. మూడు చుట్లు తిరిగాక మా తొట్టి సరిగ్గా శిఖరాన ఆగింది. కింద ఊరంతా దీపాలు. కొండారెడ్డి బురుజు నల్లగా, మసీదు మీనారులు ఇంకా కొంచెం వెలుగుతో. తుంగభద్ర ఇసుక తెల్లగా పరుచుకుని ఉంటే, దాని నడుమ నీళ్ళు సన్నటి గులాబీ గీతలా మెరుస్తున్నాయి. గాలిలో తడి వాసన. మా ఆలూరు గాలిలో ఆ వాసన ఏడాదికి నాలుగు రోజులు ఉంటే గొప్ప. ఆ తొట్టి తాడు తెంచుకుని అలాగే తేలిపోయినా నాకు అభ్యంతరం లేదనిపించింది.

“ఈడ్నించి మన ఊరు యాడుంటాది?” అంది నాగవేణి.

“అదో, పొద్దుగూకిన దిక్కున.”

“ఆడ ఉండేవాళ్ళకు మనం కనపడతామా?”

“యాడ కనపడతాం? అరవై మైళ్ళుండాది.”

“అయితే సరే” అని, జరిగి నా పక్కకు వచ్చి భుజానికి భుజం ఆనించి కూర్చుంది. రాట్నం మళ్ళీ కదిలేదాకా అలాగే ఉన్నాం. నా జీవితంలో అంతటి సంతోషం నాకు గుర్తులేదు.

తిరుగు రైల్లో గులాబీ అట్టలు జేబులో పెట్టుకుని మూడో తరగతి పెట్టె ఎక్కాం. టిక్కెట్లు చూసేవాడు అట్టల్ని తిప్పి తిప్పి చూసి, “మీ సీట్లు ముందు పెట్టెలో ఉండాయి కదప్పా, దారి తప్పితిరా?” అన్నాడు. లేదన్నాను. చెక్కబల్ల గట్టిగానే ఉంది. నాగవేణి దాచిన ఓళిగ సగం సగం తిన్నాం. మర్నాడు ఆలూరులో బస్సు దిగాక, ఇంటి సందు మలుపులో నాగవేణి ఎప్పటిలాగే నాలుగడుగులు వెనకబడింది. నేను ఆగాను. ఆమె వచ్చి కలిసేదాకా ఆగాను. వసారాలోంచి మా అమ్మ చూసి, ఇద్దరి కాళ్ళకూ నీళ్ళు తెచ్చింది.

గులాబీ టిక్కెట్టులో మోసం లేదు. చెప్పినవన్నీ ఇస్తారు, ముందు వరుస కావాలనుకునేవాళ్ళకు పన్నెండు రూపాయలు దండగ కాదు. కాని ఇంటామెతో పోయేవాళ్ళకు నా సలహా ఒక్కటే. కాగితం మొత్తం చదివి వినిపించాక ఆమె ఏ ఒక్క ప్రశ్న అడుగుతుందో, దాన్ని చెవిన పెట్టి అప్పుడు టిక్కెట్టు కొనండి. మామూలు వరుస రాట్నానికి పడమటి వైపున ఉంటుంది, ఐదున్నరలోపు పోయి నిలబడండి. తొట్లో ఇద్దరు కూర్చోవచ్చు.