అద్దం కింద చెమ్మ

అద్దాల మామయ్య పని చేస్తుంటే వాచీలు బాగుచేస్తున్నట్టుండేది కాదు, పసిపిల్లల్ని పడుకోబెడుతున్నట్టుండేది. అంచు గాడిలో దుమ్ము ఊది, కొత్త అద్దాన్ని రెండు బొటనవేళ్ల కింద పెట్టి, ఊపిరి బిగబట్టి నొక్కేవాడు. అది టిక్కుమని కూర్చున్నాక "నీ దయ తండ్రీ" అని ఊపిరి వదిలేవాడు.

"కూర్చోబెట్టింది నువ్వైతే దణ్ణం ఆయనకా బావా?" అని పక్క కొట్టు దర్జీ ఏడిపించేవాడు.

"ఈ వేళ్లు నీ కొట్లో కుట్టించుకున్నాననుకున్నావా?" అనేవాడు మామయ్య.

ఆయనకు గిట్టనిది ఒక్కటే, చెమ్మ. వానలో తడిసి అద్దం లోపల మసకబారిన వాచీ వస్తే, చేతిలో పని అక్కడే వదిలేసేవాడు. విప్పి, మెత్తటి గుడ్డతో తుడిచి, బల్బు పక్కన ఆరబెట్టి గాని మరోటి ముట్టుకునేవాడు కాదు. "లోపలికి చెమ్మ చేరిందంటే వాచీ ప్రాణం తోడేస్తుంది" అనేవాడు.

ఒక ఉదయం, కుడి కంటికి బిగించుకునే భూతద్దం జారి బల్ల మీద పడింది. మళ్లీ పెట్టుకున్నాడు, మళ్లీ పడింది. "ముసలిదైపోయింది వెధవది" అని దాన్నే తిట్టాడు. టీ గ్లాసు అందించబోయిన దర్జీ ఆయన మొహం చూసి ఆగిపోయాడు.

"బావా, నీ మూతి ఓ పక్కకి పోయిందేమిటి?"

కొట్టు ఎవరు మూశారో కూడా తెలియదు. దర్జీ, అత్తయ్య చెరోపక్కా పట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్లారు.

"మొహం నరం వాచింది. మెల్లగా తగ్గొచ్చు" అన్నాడు డాక్టరు. "కానీ కుడి రెప్ప మూతపడటం లేదు. అందాకా కన్ను ఎండిపోకూడదు. ఎండితే నల్లగుడ్డు మీద పుండు పడుతుంది, చూపే పోవచ్చు."

అత్తయ్య గోడకు ఆనుకుంది. ఆ ఇంటికి తిండి పెట్టింది ఆ కన్నే.

నర్సమ్మ పక్కనున్న ల్యాబులోంచి, లోతు లేని చిన్న గాజు పళ్లెం ఒకటి శుభ్రం చేయించి తెచ్చింది.

"ఇదేంటమ్మా?"

"పొడి మందులు తూచుకోడానికీ, గాజు గిన్నెల మీద మూతకీ వాడతారు మామయ్యా. వాచ్ గ్లాస్ అంటారు."

"మరి వాచీ ఏదీ?"

"లేదు. పేరొక్కటే."

మామయ్య దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, అంచు చుట్టూ బొటనవేలు తిప్పాడు. "ఈ అద్దమూ మావాళ్ల పిల్లే. చదువుకుని ఇక్కడ ఉద్యోగంలో చేరింది" అన్నాడు వంకర మూతితో.

చల్లగా తగలకూడదని నర్సమ్మ ఆ అద్దాన్ని కాసేపు తన అరచేతుల మధ్య పెట్టుకుంది. తర్వాత కంటిలో మందు వేసి, దాని మీద అద్దం బోర్లించి, సందు లేకుండా ప్లాస్టరు అంటించింది.

"ఇప్పుడు మీరే వాచీ."

"కీ ఎవరిస్తారమ్మా?"

"పెళ్లైనప్పట్నుంచీ నేనేగా ఇస్తున్నాను" అంది అత్తయ్య కళ్లు తుడుచుకుంటూ.

ఇంటికొచ్చాక అద్దం లోపల మసక కమ్మింది. మామయ్య మెత్తటి గుడ్డ అందుకున్నాడు. మెల్లగా ప్లాస్టరు ఊడదీసి, అద్దాన్ని పొడిగా తుడిచి, ఆరబెట్టి మళ్లీ అంటించుకున్నాడు. మసక కమ్మినప్పుడల్లా అదే పని, అంతే శ్రద్ధగా.

మళ్లీ ఆస్పత్రికి వెళ్లేసరికి కన్ను నిప్పుకణికలా ఉంది. "ఇలాగే ఉంటే చూపు నిలవదు" అన్నాడు డాక్టరు, కారణం అంతు చిక్కక. నర్సమ్మ మాత్రం ప్లాస్టరు అంచుల్ని చూసింది. నలిగిపోయి, గుడ్డ నూగు అంటుకుని ఉన్నాయి.

"ఎవరు విప్పారు మామయ్యా?"

"నేనే! లోపల చెమ్మ చేరుతుంటే చూస్తూ ఊరుకుంటానా?"

నర్సమ్మ ఆయన పక్కనే కూర్చుండిపోయింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఆ చెమ్మ కోసమేగా ఈ అద్దం పెట్టింది! మీ కంటి తడి గాలికి పోకుండా మళ్లీ మీ కంటికే చేరాలని."

"జన్మంతా దాన్ని తుడిచి పారేశానమ్మా" అన్నాడు మామయ్య.

నర్సమ్మ మళ్లీ అద్దం అంటించి పంపాక, ఇంట్లో కిటికీ దగ్గర కుర్చీలో కూర్చునేవాడు. మసక కమ్మగానే చెయ్యి దానంతటదే పైకి లేచేది. అత్తయ్య ఆ చెయ్యి పట్టుకుని ఒళ్లో పెట్టుకునేది. అద్దంలోకి ఎండ దిగి, లోకమంతా తెల్లటి వెలుగైపోయేది. ఒక చుక్క పుట్టి, బరువెక్కి, మెల్లగా కిందికి జారేది.

"ఏమే, చూశావా?" అన్నాడు ఓ రోజు గుసగుసగా. "నేనేం చెయ్యడం లేదు. అయినా పని జరుగుతోంది."

కొన్నాళ్లకు కంటి ఎరుపు తగ్గింది. కట్టు మార్చే రోజున నర్సమ్మ అద్దం తీసి ఆయన చేతిలో పెట్టింది. లోపల సన్నటి చుక్కలు. అలవాటుగా ఆయన చెయ్యి గుడ్డ కోసం జేబులోకి పోయింది, మధ్యలోనే ఆగింది. తుడవలేదు. ఆ తడితోనే అద్దాన్ని నుదుటికి ఆనించుకున్నాడు.

"నీ దయ తండ్రీ."

"ఏమండీ!" అని అత్తయ్య గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మామయ్యకు ఇంకా తెలియదు. దణ్ణం పెట్టుకుంటున్న ఆయన కళ్లు రెండూ మూతపడి ఉన్నాయి.