కాకి ముట్టని పిండం

మా నాన్న పిండం కాకి ముట్టకూడదని మొక్కుకున్నాను. కన్నకూతురు మొక్కుకోవాల్సిన మొక్కేనా అది? కాదు. అయినా మొక్కుకున్నాను, అదీ కళ్ళు గట్టిగా మూసుకుని. ఇన్నేళ్ళలో దానికి నేను సిగ్గుపడింది లేదు.

అరవైల మొదట్లో సంగతి. నాకు పద్నాలుగేళ్ళు. నూజివీడుకి రెండు మైళ్ళలో మా ఊరు. నాన్న ఒక ఆసామిగారి మామిడితోటకి కాపలా. పిందె పడినప్పటినించి ఆఖరి కాయ బండెక్కేదాకా తోటలోనే ఉండేవాడు, తిండికి మాత్రం ఇంటికొచ్చి పోయేవాడు. కోతులకి రేకు డబ్బా వాయించేవాడు, చిలకలకి వడిసెలతో రాయి విసిరేవాడు. కాకులకి మాత్రం ఏమీ అక్కర్లేదు, ఆయన తలకి చుట్టుకున్న ఎర్ర తువ్వాలు చాలు. ఒకటి చిరిగితే మళ్ళీ ఎర్రదే కొనేవాడు. ఇరవై ఏళ్ళు ఆ తువ్వాలు చుట్టుకున్న మనిషి చేతి రాళ్ళు తిన్నాయేమో, ఆ రంగు కనబడితే చాలు, ముసునూరు దాకా ఆగేవి కావు.

రసాలు కోతకొచ్చిన రోజుల్లో ఒక పొద్దున చెట్టు మొదట్లో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. కాయలు కోసేవాళ్ళు ఆయన కునుకు తీస్తున్నాడనుకున్నారు. లేపితే తిడతాడని చప్పుడు చెయ్యకుండా పక్క చెట్టుకి పోయారు. మధ్యాహ్నం దాకా ఎవరికీ తెలియలేదు. ఊరంతా ఏడ్చింది, "చచ్చిపోయి కూడా ఒక పూట కాపలా కాశాడయ్యా" అని నవ్వింది కూడా. ఆ నవ్వినవాళ్ళ మీద నాకు కోపం రాలేదు. నాకూ నవ్వొచ్చింది, ఆ వెంటనే ఊపిరాడనంత ఏడుపొచ్చింది.

నాకు అన్నదమ్ముల్లేరు కాబట్టి కర్మ బాబాయి చేశాడు. పదో రోజు పొద్దున తోట బావి దగ్గర గుండు చేయించుకుని, స్నానం చేసి, పిండం అరిటాకులో పెట్టాడు. పక్కన నాన్నకిష్టమైనవన్నీ పెట్టారు. గారెలు, ఎండుచేపల పులుసు, చుట్టలు, ఆయన కట్టుకున్న పంచె, ఎర్ర తువ్వాలు. ఇక కాకి వచ్చి ముట్టాలి. ముడితే పోయినవాడికి తృప్తి. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందని అర్థం. అప్పుడు అయినవాళ్ళు ఒక్కొక్కళ్ళే ముందుకొచ్చి, ఫలానాది చేస్తామని పోయినవాడికి మాట ఇవ్వాలి. ఏ మాటకి కాకి దిగితే అదే ఆయన కోరిక. ఇక ఆ మాట తప్పడానికి ఎవరికీ గుండె చాలదు.

మేమంతా దూరంగా వచ్చి నిలబడ్డాం. ఎండ మండిపోతోంది. కొత్త గుండు మాడుతోందని బాబాయి వెనక్కి వెళ్ళి ఆ ఎర్ర తువ్వాలు తెచ్చి తలకి చుట్టుకున్నాడు. అన్న తువ్వాలు తమ్ముడు చుట్టుకుంటే తప్పేముంది?

కాకి రాలేదు. పెద్ద చెట్టు చిటారు కొమ్మన నాలుగు కూర్చుని చూస్తున్నాయి, అంతే.

"చుట్ట వెలిగించి పెట్టండ్రా" అన్నారెవరో. వెలిగించారు. రాలేదు. కల్లు తెచ్చి పోశారు. రాలేదు. మా మేనత్త ముందుకొచ్చి, "నీ తెల్లమేకని కొయ్యం అన్నయ్యా, ముసలిదై పోయేదాకా సాకుతాం" అని భోరుమంది. ఆ మేకని ఆవిడే పెద్దకర్మకి కోయిద్దామని ముందురోజు చెప్పింది. కర్మ చేయిస్తున్న దాసరి ఆకాశం కేసి చూసి, "ఏదో పెద్ద కోరికే ఉందండీ" అన్నాడు.

అప్పుడు బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"అన్నయ్యా, నీ మనసులో ఉంది నాకు తెలుసు. పిల్ల గురించే కదా నీ బెంగ. దాన్ని బడి మాన్పించి, ఏడాది తిరక్కుండానే మా బావమరిదికిచ్చి చేస్తాం. నువ్వు తిను."

వాళ్ళ బావమరిదిది రెడ్డిగూడెం. ముప్ఫై దగ్గరపడ్డ మనిషి. మంచివాడో చెడ్డవాడో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. నేను ఎనిమిది పాసయ్యాను. బడి తెరిస్తే తొమ్మిదో క్లాసు. మా పేటలో అక్కడిదాకా వెళ్ళిన ఆడపిల్ల నేనొక్కదాన్నే. ఇప్పుడు ఒక కాకి చెట్టు దిగితే అదంతా అయిపోయినట్టే. ఆ నాలుగింటిలో ఒకటి పక్క కొమ్మకి గెంతింది. అప్పుడే కళ్ళు మూసుకున్నాను. నాన్న ఆకలితో ఉన్నా సరే, కాకి రాకూడదు. ఆ మొక్కు వెనక్కి తీసుకోలేదు.

కాకి మళ్ళీ పై కొమ్మకే పోయింది. బాబాయి అదే మాట ఇంకాస్త గట్టిగా, నాలుగడుగులు ముందుకేసి మరీ చెప్పాడు. నాలుగు కాకులూ లేచి అవతలి చెట్టుకి పోయాయి.

అమ్మ ఓ పక్కగా కూర్చుని ఉంది. ఆ పొద్దునే గాజులు తీసేశారు. ఆ రోజు ఆవిడ ముందుకు రాకూడదు, మాట్లాడకూడదు. అప్పటిదాకా తల ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తి చెట్టు వైపు చూసింది, తర్వాత బాబాయి తల వైపు చూసింది. పదేళ్ళు ఆ తోటలోనే కాయలు ఏరిన మనిషి ఆవిడ.

"ఇదిగో మరిదీ, ఆ తువ్వాలు ఇటియ్యి. ఆయన గుడ్డ, నాకు కావాలి."

ఆ రోజు ఆ మాట కాదనేవాడెవడు? బాబాయి విప్పి ఇచ్చాడు. అమ్మ దాన్ని చిన్నగా మడిచి, కింద వేసుకుని, దాని మీద కూర్చుంది. తర్వాత చెట్టు కేసే చూస్తూ ఉంది. కాకులు ఒక్కొక్కటే వెనక్కి వచ్చాయి. ఒకటి నడిమి కొమ్మ మీదకి దిగింది, ఆ తర్వాత కింది కొమ్మ మీదకి. అప్పుడు లేచి నిలబడింది మా అమ్మ.

"ఏమయ్యా, వింటన్నావా? పిల్ల బడి మానదు. ఎస్సెల్సీ అయ్యేదాకా పెళ్ళి మాట లేదు. ఇష్టమైతే తిను, లేకపోతే పస్తుండు!"

కాకి దిగింది. గారె ముక్కుతో పొడిచి, పిండంలో కాలు పెట్టి నిలబడి మరీ తింది. వెనకే మూడూ దిగాయి.

దాసరి చేతులు జోడించాడు. "మాట పడిందండీ, ఇక తిరుగులేదు" అన్నాడు. మేనత్త అమ్మని వాటేసుకుని ఏడ్చింది. బాబాయి మాడుతున్న గుండు మీద చెయ్యి పెట్టుకుని కాకుల్నే చూస్తూ నిలబడ్డాడు. ఆయన పెట్టిన పందెంలో ఆయనే ఓడిపోయాడు. నాకు పట్టరాని సంతోషం వేసింది. నాన్న కర్మ రోజున సంతోషించాను, అదీ చెప్పేస్తున్నాను.

సాయంత్రం చుట్టాలు భోజనాలు చేసి వెళ్ళిపోయారు. అమ్మ గిన్నెలు ముందేసుకుని కూర్చుంటే పక్కన చేరాను.

"నాన్నకి నిజంగా నన్ను చదివించాలనే ఉందా అమ్మా?"

"లేదు" అంది అమ్మ. "మీ బాబాయి చెప్పిందే నిజం. మీ నాన్న ఆ సంబంధానికి ఒప్పేసుకుని వచ్చాడు."

నేను ఆవిడ వైపు తిరిగి కూర్చున్నాను.

"దాని మీదే పోట్లాడుకున్నాం. మూడు రోజులు నేనాయనతో మాట్లాడలేదు. పలకరిస్తే మొహం తిప్పుకున్నాను. నాలుగో రోజు అలాగే తోటకెళ్ళాడు."

చేతిలో గిన్నె కింద పెట్టింది. పది రోజులుగా అందరి ముందూ బిగబట్టుకున్నదంతా అప్పుడు ఏడ్చింది.

"గెలిచానే" అంది. "నేనే గెలిచాను. ఒక్క మాటైనా ఎదురు చెప్పడేమే మీ నాన్న?"